స్థానిక సేవా బృందాలకు చిన్న గ్రాంట్లు: తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో దారి ఏది?

చెరువుకట్ట (రామచంద్రాపురం మండలం)

సభ్యులందరికీ నమస్కారం. 2021 నవంబరు వరదల్లో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో దిగువ గ్రామాలను ఖాళీ చేయించిన సంగతి ఈ ప్రాంతంవారు మరచిపోలేదు. ఆ తరువాత మా ఊరి రైతులు, యువకులు కలిసి చిన్న బృందంగా ఏర్పడ్డాం. మా చెరువుకు నీరు తెచ్చే వంకలో కంపచెట్లు కొట్టడం, మొరవ (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు) దగ్గర పేరుకున్న చెత్త తీయడం, వానలకు ముందు కట్ట పొడవునా నడిచి బొరియలు, నెర్రెలు ఉన్నచోట్లు గుర్తించి నీటిపారుదల శాఖవారికి తెలియజేయడం మా పని. కూలి ఎవరూ అడగరు. అయితే జేసీబీ అద్దె, డీజిలు, గడ్డపారలు, చేతి తొడుగులు, పనిరోజున మధ్యాహ్న భోజనం, ఇవన్నీ శ్రమదానంతో తీరేవి కావు.

ఏడాదికి 50,000 రూపాయలుంటే మాకు సరిపోతుంది. ఆ మాత్రం సొమ్ముకోసం అడిగిన ప్రతిచోటా రిజిస్ట్రేషన్ ఉందా, మూడేళ్ల ఆడిట్ ఉందా అని ప్రశ్నించారు. లక్షలు, కోట్లు ఇచ్చే పథకాలు కనిపిస్తున్నాయి గానీ, ఇంత తక్కువ మొత్తం అడిగేవారు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

లెక్కలపద్దు (తిరుపతి)

చెరువుకట్ట గారూ, మీకు ఎదురైన అడ్డంకి ఎక్కడ పుడుతున్నదో ముందు చెబుతాను; కారణం తెలిస్తే దారి వెతకడం సులువవుతుంది.

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షను ప్రకారం నికర విలువ 500 కోట్లకు గానీ, టర్నోవరు 1,000 కోట్లకు గానీ, నికర లాభం 5 కోట్లకు గానీ చేరిన కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు చేయాలి. శ్రీసిటీ మొదలుకొని రేణిగుంట, కరకంబాడి వరకు మన చుట్టూ పరిశ్రమలు ఉన్నాయి కనుక ఆ డబ్బు మనకు అందుబాటులోనే ఉన్నట్లు అనిపిస్తుంది. కానీ కంపెనీ ఆ డబ్బును బయటి స్వచ్ఛంద సంస్థ ద్వారా ఖర్చు చేయించాలంటే, ఆ సంస్థ రిజిస్టరై ఉండాలి, ఆదాయపు పన్ను శాఖ వద్ద 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను మినహాయింపు) అని మనం పిలుచుకునే నమోదులు ఉండాలి, అదే తరహా పనిలో మూడేళ్ల అనుభవం చూపాలి, 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి సంఖ్య కూడా పొంది ఉండాలి. కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లకైతే నీతి ఆయోగ్ నడిపే దర్పణ్ పోర్టల్‌లో నమోదు అడుగుతారు.

మరొక దారి ఒకప్పుడు ఉండేది. పెద్ద సంస్థలు తమకు వచ్చిన విదేశీ నిధిలో కొంత భాగాన్ని, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదైన చిన్న సంస్థలకు పంచేవి. ఆ చట్టాన్ని 2020లో సవరించిన తరువాత, అలా ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా నిషిద్ధమైంది. గ్రామీణ స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చేందుకే 1986లో ఏర్పడిన కపార్ట్ కూడా 2020లో హైదరాబాదులోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో విలీనమైపోయింది. చిన్న సంఘాలంటే ఎవరికో కోపం ఉండి ఇలా జరిగిందని నేను అనను. ప్రతి నియమానికీ దాని కారణం దానికి ఉంది. అయితే అన్నీ ఒకచోట చేరినప్పుడు 50,000 అడిగేవారికీ, 50 లక్షలు అడిగేవారికీ ఒకే కాగితాల కట్ట అవసరమవుతున్నది. అసలు చిక్కు అదే.

గ్రామైక్య (పాకాల)

నేను మహిళా సంఘాలలో చాలా కాలంగా పనిచేస్తున్నదాన్ని. రిజిస్ట్రేషన్ లేని బృందాన్ని నమ్మి డబ్బు ఇవ్వడం కుదరదనే మాటను నేను అంగీకరించలేను. ఎందుకంటే మన పొదుపు సంఘాలు చాలా వరకు అలా నమ్మకం మీదనే నిలబడ్డాయి.

1992లో నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే పనిని ప్రయోగంగా మొదలుపెట్టింది. రిజిస్టరు కాని సంఘం పేరుతో కూడా పొదుపు ఖాతా తెరవవచ్చని 1993లో రిజర్వు బ్యాంకు అనుమతించింది. ఇంత పెద్ద వెసులుబాటు ఇచ్చినప్పుడు సంఘం నుంచి కోరింది ఏమిటి? క్రమం తప్పని సమావేశాలు, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులు ఇచ్చుకోవడం, సకాలంలో తిరిగి చెల్లించడం, పుస్తకాలు ఎప్పటికప్పుడు రాసుకోవడం. వీటినే పంచసూత్రాలంటాం. జాతీయ గ్రామీణ జీవనోపాధుల పథకం మొదలైనప్పుడు, కొన్ని నెలలపాటు ఈ సూత్రాలను పాటించిన సంఘానికి 10,000 నుంచి 15,000 రూపాయల వరకు రివాల్వింగ్ ఫండ్ (సభ్యుల మధ్య అప్పులుగా తిరిగే నిధి) ఇచ్చేలా నియమం పెట్టారు. చూడండి, అది కూడా చిన్న గ్రాంటే. దాన్ని పొందడానికి చార్టర్డ్ అకౌంటెంటు సంతకం కావలసిరాలేదు. మినిట్స్ పుస్తకం, పొదుపు పుస్తకం చూసి ఇచ్చారు.

చెరువు బృందానికి పొదుపు, అప్పు సూత్రాలు వర్తించవు. మిగిలినవి వర్తిస్తాయి. నెలకొకసారి సమావేశం, హాజరు సంతకాలు, తీర్మానం, ఇద్దరి సంతకంతో నడిచే ఖాతా, ఖర్చు రాసిన పుస్తకం ఉన్న బృందానికి 50,000 ఇవ్వడానికి ఇంతకుమించి ఏమి కావాలో నాకు అర్థం కాదు. మీరు ఇప్పటికే మినిట్స్ రాస్తున్నారా, అన్నా? రాయకపోతే ఈ నెల నుంచే మొదలుపెట్టండి. డబ్బు ఎవరు ఇచ్చినా ముందుగా అడిగేది అదే.

రక్తదాత (చిత్తూరు)

నా అభిప్రాయం కొంత వేరుగా ఉంది. మా మిత్రులం కలిసి అత్యవసర సమయాల్లో రక్తదాతలను ఆసుపత్రులకు చేరుస్తుంటాం. ఇందులో డబ్బు ప్రవేశిస్తే ఏమవుతుందో మన దేశం ఇదివరకే చూసింది. డబ్బు కోసం రక్తం అమ్ముకునే పద్ధతిని ఆపాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. 1998 జనవరి 1 నుంచి అది దేశమంతటా నిషిద్ధమైంది. దాత తన ఇష్టంతో ఇవ్వాలి గానీ, రాబడి కోసం ఇవ్వకూడదని చట్టమే చెప్పింది.

అందువల్ల ఎవరైనా మా బృందానికి గ్రాంటు ఇస్తామంటే, ఆ డబ్బు మనుషులకు చేరుతుందా, పనికి చేరుతుందా అన్నది నేను మొదట చూస్తాను. రాత్రిపూట దాతను పల్లె నుంచి తీసుకురావడానికి ఆటో చార్జీలు, మగవారు 90 రోజులు, ఆడవారు 120 రోజులు పూర్తయ్యాకే మళ్లీ రక్తం ఇవ్వాలి కనుక ఆ తేదీలు నమోదు చేసుకునే రిజిస్టరు, ఫోను ఖర్చు, వీటికి డబ్బు అవసరమే. సమన్వయం చేసేవారికి గౌరవ వేతనం అనగానే మాత్రం బృందంలో లెక్కలు మారిపోతాయి. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే ఎంతకాలం కలిసి ఉంటారు? చెరువు పనిలో కూడా ఈ సంగతిని ముందే తేల్చుకోవాలని నా మనవి.

గ్రామైక్య (పాకాల)

తమ్ముడూ, మీ భయం నిజమైనదే. ఒక్క సవరణ మాత్రం చెప్పాలి. చేతిలో డబ్బున్నవారు మాత్రమే ఉచితంగా సేవ చేయగలరు అనే స్థితికి మనం రాకూడదు. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇంటి ఆడమనిషి ఒక రోజంతా మీ పనికి వస్తే, ఆమె చార్జీలు, భోజనం, చంటిబిడ్డ ఉంటే చూసుకునే ఏర్పాటు గ్రాంటులో ఉండాలి. దాన్ని వేతనం అనరు. అది లేకపోతే మీ బృందంలో మోటారు సైకిలు ఉన్న మగపిల్లలు తప్ప ఇంకెవరూ మిగలరు.

శాసనాల పాఠకుడు (తిరుపతి)

ఈ చర్చలో చెరువులకూ దానాలకూ సంబంధం వచ్చింది కనుక ఒక పాత విషయాన్ని గుర్తుచేయాలనిపించింది. తిరుమల, తిరుపతి ఆలయాల గోడలమీద విజయనగర కాలపు శాసనాలు వందలుగా ఉన్నాయి. వాటిలో చాలావాటి సారాంశం ఇది: ఒక భక్తుడు స్వామివారి భండారంలో కొంత పైకం జమచేస్తాడు. ఆ పైకాన్ని ఆలయ అధికారులు దేవాలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికీ, బాగుచేయించడానికీ వినియోగిస్తారు. సాగు పెరిగి వచ్చిన అదనపు పంటలో నుంచి ఆ దాత పేరున నిత్యమో, పండుగ రోజుల్లోనో నైవేద్యం జరుగుతుంది, ప్రసాదంలో కొంత వాటా దాతకు చేరుతుంది. పైకం ఎంత, దానితో ఏ ఊళ్లో ఏ పని, దాని ఫలితంగా ఏ సేవ జరగాలి అన్నది రాతిమీద అందరూ చదివేలా చెక్కించారు.

పల్లెల్లో దశబంధం ఇనాములు కూడా ఇలాంటివే. చెరువు తవ్వించినవారికీ, బాగుచేయించినవారికీ భూమి ఇచ్చి, దానికి ప్రతిగా ఆ చెరువును కనిపెట్టుకొని ఉండాలనే షరతు పెట్టేవారు. కడప, చిత్తూరు ప్రాంతాల్లో ఈ ఏర్పాటు విస్తారంగా ఉండేది. చెరువు నీటిని పొలాలకు పంచే నీరుగంటి కూడా తన పనికి పంటలో వాటా పొందేవాడు.

వీటిని నేను గొప్పలు చెప్పుకోవడానికి ప్రస్తావించడం లేదు. భూమిహీనులకు ఆ ఏర్పాట్లలో మాట లేదన్నది కూడా నిజమే. అయినా ఒక విషయం గమనించాలి. ఆనాటి సహాయం నిర్వహణ కోసం, ఏటా అందేలా ఏర్పరచినది. ఈనాటి గ్రాంట్లు కొత్త కట్టడానికి ఒకసారి ఇచ్చి వెళ్లిపోతున్నాయి. చెరువుకు పూడిక తీసి ఫోటో దిగిన మూడేళ్లకే కంపచెట్లు మళ్లీ మొలుస్తాయి. ఒకేసారి 5 లక్షలు ఇచ్చే దాత, అదే మొత్తాన్ని ఏటా 50,000 చొప్పున పదేళ్లు ఇస్తే మా ప్రాంతపు చెరువులకు ఎంతో ఎక్కువ మేలు జరుగుతుంది. చిన్న గ్రాంటుకు అసలు బలం అది చిన్నది కావడంలో లేదు, మళ్లీ మళ్లీ రావడంలో ఉంది.

కళాశాల అధ్యాపకురాలు (తిరుపతి)

పై మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. జాతీయ సేవా పథకం బాధ్యతలు చూస్తున్నందువల్ల దత్తత గ్రామాల్లోని బృందాలతో కలిసి పనిచేసే అవకాశం నాకు కలుగుతున్నది. మా విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఆ గంటలు పూర్తయ్యాక అతడు వెళ్లిపోతాడు, గ్రామంలోని బృందం అక్కడే ఉంటుంది. కాబట్టి సహాయం చేరవలసింది ముందుగా ఆ బృందానికే.

గ్రాంటు ఇచ్చేవారి దరఖాస్తుల గురించి కొంత చెప్పాలి. ఒక దాతృసంస్థ 30,000 రూపాయల కోసం పంపిన దరఖాస్తు ఆంగ్లంలో చాలా పుటలు ఉంది. దానిని పూర్తిచేయగలిగినవారు గ్రామంలో ఒక్కరూ లేరు. చివరికి మా విద్యార్థినులు కూర్చొని నింపారు. డబ్బు వచ్చాక సంస్థ పేరుతో పెద్ద ఫ్లెక్సీ కట్టాలనీ, ఆరంభ సభ జరపాలనీ షరతు పెట్టారు. ఆ రెండింటికీ అయిన ఖర్చుతో గ్రామంలోని పిల్లలకు మరికొన్ని నెలలు సాయంత్రం చదువులు నడిచేవి. ఇచ్చేవారి ఉద్దేశం మంచిదని నేను నమ్ముతున్నాను. కానీ చిన్న మొత్తానికి పెద్ద ఆర్భాటం కోరడం పనివారి సమయాన్ని తినేస్తుంది.

బ్రిటన్‌లో జాతీయ లాటరీ నిధి నుంచి స్థానిక బృందాలకు 300 పౌండ్ల నుంచి 20,000 పౌండ్ల వరకు ఇచ్చే పథకం ఒకటి ఉంది. రిజిస్టరు కాని బృందం కూడా దానికి దరఖాస్తు చేయవచ్చు. రాతపూర్వక నియమావళి, పరస్పరం బంధువులు కాని కనీసం ఇద్దరు నిర్వాహకులు, బృందం పేరుతో బ్యాంకు ఖాతా ఉండాలి. ప్రపంచ పర్యావరణ నిధి 1992 నుంచి నడుపుతున్న చిన్న గ్రాంట్ల కార్యక్రమంలో, బృందం తన వాటాగా డబ్బుకు బదులు శ్రమను, సామగ్రిని లెక్కచూపవచ్చు. ఈ రెండవ నియమం నాకు ఎంతో నచ్చింది. మన చెరువు బృందం చేసిన శ్రమదానాన్ని ఆ ఊరి కూలి రేటుతో లెక్కకట్టి దరఖాస్తులో చూపితే, 50,000 అడుగుతున్న బృందం తన వైపు నుంచి అంతకంటే ఎక్కువే పెడుతున్నదని దాతకు తెలిసివస్తుంది. హాజరు పుస్తకం ఉంటే ఇది కష్టమేమీ కాదు.

పఠనాలయం (పుత్తూరు)

అందరూ రిజిస్ట్రేషన్‌ను భారంగా చెబుతున్నారు గనుక దాని పక్షాన రెండు మాటలు రాస్తాను. ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏడుగురు సభ్యులు కలిస్తే సంఘాన్ని నమోదు చేయవచ్చు. మేము మా పఠనాలయాన్ని అలాగే నమోదు చేశాం. నియమావళి రాయడానికి కూర్చున్నప్పుడే, పుస్తకాలు ఎవరి ఆస్తి, కార్యదర్శి మారితే తాళం ఎవరిది, సంఘం మూతపడితే మిగిలినది ఎవరికి చెందాలి అన్న ప్రశ్నలు వచ్చాయి. అవి అప్పుడే తేలడం మాకు మంచిదైంది. ఒక వ్యక్తి ఖాతాలో సంఘం డబ్బు ఉంటే, ఆయన మరణించిన రోజున అది వారసుల చేతికి వెళ్లిపోవచ్చు. ఎంత మంచివారైనా ఈ చిక్కు రావచ్చు.

నష్టం కూడా చెబుతాను. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారు కార్యాలయంలో దాఖలు చేయాలి. లెక్కలు ఆడిట్ చేయించాలి, పాన్ తీసుకోవాలి. వీటికయ్యే రుసుము చెల్లించడానికి ఏ దాతా ముందుకు రాడు. పుస్తకాలు కొనిస్తామంటారు, బీరువా ఇస్తామంటారు, ఆడిటరు ఫీజు అంటే మాట మారుస్తారు. కరెంటు బిల్లు కూడా అంతే. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చెల్లిస్తున్న ఊళ్లో, చదువుకునే గదికి దీపం ఖర్చు పుట్టకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది. చిన్న గ్రాంటు ఇచ్చేవారెవరైనా ఈ పోస్టు చదివితే, మొత్తంలో కొంత భాగాన్ని ఇలాంటి మామూలు ఖర్చులకు వాడుకోనివ్వండి.

లెక్కలపద్దు (తిరుపతి)

పఠనాలయం వారు చెప్పినది సరైనది. మూడేళ్లకు మించి పని సాగించే ఉద్దేశం ఉన్నవారు సంఘంగా నమోదు కావడమే మేలు. ఆలోగా చెరువుకట్ట గారి బృందానికి రెండు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, దగ్గరలోని నమ్మకమైన రిజిస్టర్డు సంఘం నీడలో పనిచేయడం. డబ్బు ఆ సంఘం ఖాతాలోకి వస్తుంది, చెరువు పనికి విడి లెడ్జరు పెడతారు, బిల్లులు సంఘం పేరుతోనే తీసుకుంటారు. ఈ పని తమ పనిగా చేపడుతున్నట్లు వారి కార్యవర్గం తీర్మానం చేయాలి. చెరువులు, పర్యావరణం వంటి అంశం వారి ఆశయాల్లో ఉండాలి. ఎవరి బాధ్యత ఎంత అన్నది ఒక కాగితంమీద రాసుకొని ఇరువైపులా సంతకం చేయండి. స్నేహం ఉన్నదని ఆ కాగితాన్ని మానుకోవద్దు. రెండవది, డబ్బు చేతికి తీసుకోకుండా పని సామగ్రిని అడగడం. కంపెనీలు తమ సామాజిక బాధ్యత పనిని స్వయంగా కూడా చేపట్టవచ్చు కనుక, జేసీబీ అద్దెను నేరుగా యజమానికే చెల్లించమని అడగవచ్చు. అయితే చెరువు మీది కాదు. పూడిక, కట్ట, తూము వంటివాటిపై ఏ పని తలపెట్టినా శాఖ అనుమతి రాతపూర్వకంగా ముందే ఉండాలి.

అమెరికాలో ఉన్న ఊరివాళ్లు డబ్బు పంపుతామంటారు. అక్కడ జాగ్రత్త అవసరం. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, వారు మన ఊళ్లోనే పుట్టినా, అది విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం దానిని తీసుకోకూడదు. పాస్‌పోర్టు సంగతి అడగడానికి మొహమాటపడవద్దు. అలాగే 80జి ఉన్న సంఘానికైనా 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే దాతకు పన్ను మినహాయింపు రాదు.

చెరువుకట్ట (రామచంద్రాపురం మండలం)

అందరికీ కృతజ్ఞతలు. మా బృందంతో మాట్లాడాను. పక్క ఊరిలో రిజిస్టరైన రైతు సంఘం ఒకటి ఉంది. వారి పేరుతో ఈ ఏడాది మొదలుపెట్టి, ఆలోగా మేము కూడా నమోదుకు సిద్ధం కావాలని నిర్ణయించాం. మినిట్స్ పుస్తకం కొన్నాం. మనుషులకు వేతనం ఉండదు; చార్జీలు, భోజనం ఉంటాయి. ఖర్చుల పట్టికను పంచాయతీ కార్యాలయం గోడమీద అతికించాలని కూడా అనుకున్నాం. ఒక సందేహం మిగిలింది. వాన పడుతున్న రాత్రి కట్టమీద బస్తాలు కావలసివస్తే తీర్మానం కోసం ఆగలేం. అప్పుడు డబ్బు ఎలా ఖర్చు చేయాలి?

గ్రామైక్య (పాకాల)

మా సంఘాల్లో ఆసుపత్రి అవసరాలకు ఇలాంటి ఏర్పాటే చేసుకున్నాం అన్నా. మొత్తంలో కొంత సొమ్మును అత్యవసరానికని ముందే పక్కన పెట్టి, దానిని ఎవరెవరు కలిసి ఖర్చు చేయవచ్చో వానలు రాకముందే తీర్మానం రాసుకోండి. ఇద్దరిలో ఒకరు ఆడవారై ఉంటే మంచిది. వరద రాత్రుల్లో మగవారంతా కట్టమీదే ఉంటారు, డబ్బు ఇంటి దగ్గర ఉన్నవారి చేతిలో ఉండాలి.

లెక్కలపద్దు (తిరుపతి)

ఆ తీర్మానంలోనే గరిష్ఠ పరిమితి కూడా రాయండి. ఖర్చు చేసిన తరువాత జరిగే మొదటి సమావేశంలో దానిని ఆమోదించి మినిట్స్‌లో ఎక్కించాలి. రాత్రిపూట బిల్లు ఇవ్వని దుకాణం నుంచి కొంటే తెల్లకాగితంమీద వోచరు రాసి, కొన్న వస్తువు, పరిమాణం, ధర, తేదీ వేసి, డబ్బు తీసుకున్నవారి సంతకంతోపాటు చూసినవారొకరి సంతకం కూడా తీసుకోండి. ఈ విషయాన్ని దాతకు దరఖాస్తులోనే ముందుగా తెలియజేయండి. అలా చెప్పి ఉంటే లెక్కల పరిశీలనలో ఎవరూ అభ్యంతరం చెప్పరు. నమోదుకు కావలసిన నియమావళి ముసాయిదా తెలుగులో నా దగ్గర ఉంది. రేపు ఇక్కడే పెడతాను.